చంద్రుడి కళలు భూమి నీడ వల్లేనా? మరి గ్రహణం సంగతేంటి?

పటమట_నాన్న (విజయవాడ) · 2026 ఫిబ్రవరి 25, రాత్రి 9.40

మా అమ్మాయి ఏడో తరగతి. చంద్రకళల మీద ప్రాజెక్టు ఇచ్చారు. భూమి నీడ చంద్రుడి మీద పడటం వల్లే నెలవంక, అర్ధచంద్రుడు ఏర్పడతాయని ట్యూషన్‌లో చెప్పారట, చార్టు మీద అలాగే రాసేసింది. మా నాన్నగారు అది చూసి, "గ్రహణానికీ ఆ నీడే కారణం అంటారు కదమ్మా, అయితే నెల పొడుగునా గ్రహణమే నడుస్తోందా?" అని అడిగారు. అది నా వంక చూసింది. నేను కామర్స్ చదివినవాణ్ణి, ఫ్యాన్ వంక చూశాను.

పైగా వచ్చే మంగళవారం, మార్చి 3న చంద్రగ్రహణం అని ఫ్యామిలీ గ్రూపులో ఒకటే మెసేజులు. తెలిసినవాళ్ళు కాస్త అర్థమయ్యేలా చెప్పండి. చార్టు సోమవారం ఇచ్చేయాలి.

లబ్బీపేట_లక్కీ (విజయవాడ) · రాత్రి 9.52

నీడే అన్నా. నేనూ అదే చదివాను. నీడ కొంచెం పడితే కళలు, పూర్తిగా పడితే గ్రహణం. దీనికింత టెన్షన్ ఎందుకు?

డాబా_టెలిస్కోప్ (గుంటూరు, బ్రాడీపేట) · రాత్రి 10.15

లక్కీ తమ్ముడూ, నిన్న సాయంత్రం ఒక్కసారి డాబా ఎక్కి ఉంటే ఈ మాట అనేవాడివి కాదు.

నిన్న అష్టమి. ఆరింటికి సూర్యుడు పడమట దిగుతున్నాడు, చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉన్నాడు, సరిగ్గా సగం వెలుగుతో. ఆ వెలుగు సగం పడమటి వైపుంది. ఇప్పుడు చెప్పు, భూమి నీడ ఎటు పడాలి? దీపానికి ఎదురు దిక్కుకే కదా. సూర్యుడు పడమట దిగుతుంటే భూమి నీడ తూర్పు దిక్కున ఉంటుంది. నడినెత్తిన ఉన్న చంద్రుణ్ణి అది ఎలా తాకుతుంది?

విదియ, తదియ నాటి నెలవంక దగ్గరకొస్తే ఈ వాదన అసలు నిలవదు. ఆ రోజుల్లో చంద్రుడు ఉండేదే సూర్యుడి పక్కన, పడమటి ఆకాశంలో. భూమి నీడేమో పూర్తిగా వీపు వెనక. నీడ సిద్ధాంతం ప్రకారం చంద్రుడు ఎక్కువగా కప్పబడిన రోజున నీడకి అత్యంత దూరంగా ఉన్నాడన్నమాట.

జరిగేది ఇది. సూర్యుడి ఎండ చంద్రుడిలో ఒక సగం మీద ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. అక్కడ పగలు. రెండో సగంలో రాత్రి. అమావాస్యనాడైనా, పౌర్ణమినాడైనా ఆ పగటి సగం తగ్గదు, పెరగదు. చంద్రుడు మన చుట్టూ తిరుగుతుంటే ఆ పగటి భాగంలో మనకి ఎంత కనిపిస్తుందన్నదే మారుతుంది. సూర్యుడి వైపు ఉన్నప్పుడు వాడి రాత్రి ముఖం మనకేసి ఉంటుంది, అది అమావాస్య. ఎదురు దిక్కుకి వచ్చాక పగటి ముఖం మొత్తం మనకేసి ఉంటుంది, అది పున్నమి. మధ్యలో పక్కనుంచి చూస్తున్నాం కాబట్టి సగం.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది. శుద్ధ తదియనాడు నెలవంకని శ్రద్ధగా చూడండి. చీకటి భాగం కూడా బూడిద రంగులో లీలగా కనిపిస్తుంది. అది మన భూమి మీద పడిన ఎండ తిరిగి అక్కడికి వెళ్ళి ఇస్తున్న వెలుగు. అంటే ఆ చీకటి భాగానికి భూమి దీపం పడుతోంది. నీడ మోపుతోందని మనం నింద వేస్తున్నాం.

పటమట_నాన్న · రాత్రి 10.31

అష్టమి ముక్క సూటిగా తగిలిందండీ. మా నాన్నగారికి చదివి వినిపించాను. వెంటనే రెండో ప్రశ్న వేశారు. పౌర్ణమినాడు చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటే, భూమి నీడా ఎదురుగానే ఉంటే, ప్రతి పౌర్ణమికీ గ్రహణం పట్టాలి కదా?

పంచాంగం_అబ్బాయి (గుంటూరు) · ఫిబ్రవరి 26, ఉదయం 6.20

తాతగారికి నమస్కారాలు. ఈ ప్రశ్నకి జవాబు మా ఇంట్లో గోడకి వేలాడుతూ ఉంటుంది. మా తాతగారు సిద్ధాంతి, నేను సాఫ్ట్‌వేర్. లెక్క మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ముందు తిథి. చాలామంది తిథిని తేదీ లాంటిదే అనుకుంటారు. కాదండీ, అది కోణం. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒక తిథి పూర్తవుతుంది. 30 తిథులకి 360 డిగ్రీలు, అదొక చాంద్రమాసం, సగటున 29.53 రోజులు. టెలిస్కోప్ గారు చెప్పిన అష్టమిలో కోణం 84 నుంచి 96 మధ్య ఉంటుంది, కాబట్టి సరిగ్గా 90 పడేది అందులోనే. చంద్రుడి దారి గుండ్రం కాదు, కోడిగుడ్డులా కాస్త సాగి ఉంటుంది. దగ్గరికొచ్చినప్పుడు వేగంగా, దూరమైనప్పుడు నెమ్మదిగా నడుస్తాడు. అందుకే ఒక తిథి 20 గంటల్లో అయిపోతే ఇంకోటి 26 గంటలు దాటుతుంది. "ఈసారి ఏకాదశి రెండు రోజులొచ్చిందేంటి" అని అమ్మలు విసుక్కునేది ఇందుకే.

ఇప్పుడు గ్రహణం. సూర్యుడు ఆకాశంలో నడిచే దారి ఒకటి, చంద్రుడి దారి ఇంకొకటి. రెండూ ఒకే బల్ల మీద గీసిన గీతలైతే తాతగారు అన్నట్టు ప్రతి పౌర్ణమికీ చంద్రగ్రహణం, ప్రతి అమావాస్యకీ సూర్యగ్రహణం వచ్చేవి. కానీ చంద్రుడి దారి 5 డిగ్రీలు వాలి ఉంది. 5 డిగ్రీలేగా అని తీసిపారేయకండి. మనకి కనిపించే చంద్రబింబం వెడల్పు అర డిగ్రీ. అంటే పౌర్ణమి చంద్రుడు నీడ మధ్య నుంచి పది చంద్రబింబాలంత పైకో కిందికో తప్పుకుని పోవచ్చు. ఆ దూరంలో భూమి నీడ వెడల్పు డిగ్రీన్నర కూడా ఉండదు. అందుకే చాలా పౌర్ణములకి తగలకుండానే దాటిపోతాడు.

ఈ రెండు దారులూ రెండు చోట్ల ఒకదాన్నొకటి దాటుతాయి. వాటికే రాహువు, కేతువు అని పేర్లు. బండరాళ్ళు కాదు, గ్రహాలు కాదు, లెక్కలో ఉండే రెండు బిందువులు. పౌర్ణమి లేదా అమావాస్య ఆ బిందువుల దగ్గర పడితేనే గ్రహణం. ఈ మార్చి 3న చంద్రుడు సింహరాశిలో పుబ్బ నక్షత్రంలో, కేతువు దగ్గర ఉంటాడు. అందుకే పంచాంగంలో కేతుగ్రస్తం అని రాశారు. పోయిన సెప్టెంబరు 7న పట్టింది రాహుగ్రస్తం.

ఆ బిందువులు కూడా కుదురుగా ఉండవు. వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్ళకి ఒక చుట్టు పూర్తిచేస్తాయి. 12 రాశులకి పంచితే రాశికి ఏడాదిన్నర. రాహుకేతువులు ఒక్కో రాశిలో ఏడాదిన్నర ఉంటారని, వెనక్కి నడుస్తారని జాతకాలు చెప్పేవాళ్ళు అనేది ఈ లెక్కే.

లబ్బీపేట_లక్కీ · ఉదయం 8.05

ఆగాగు భయ్యా. రాహువు పాము కాదా? మా బామ్మ మింగేస్తాడనే చెప్పింది.

పంచాంగం_అబ్బాయి · ఉదయం 8.11

కథ కథే, లెక్క లెక్కే. బామ్మగారి కథలో అమృతం, మోహిని ఉన్నాయి, దాన్ని పాడుచేయకు. కానీ క్రీ.శ. 499 నాటికే ఆర్యభటుడు తేల్చి చెప్పాడు. సూర్యుణ్ణి కప్పేది చంద్రుడు, చంద్రుణ్ణి కప్పేది భూమి పెద్ద నీడ అని. గ్రహణం పట్టే వేళ, విడిచే వేళ లెక్కగట్టింది ఆ నీడ కొలతతోనే, పాము పొడుగుతో కాదు.

సత్యనారాయణపురం_పిన్ని (విజయవాడ) · ఉదయం 11.30

మీ డిగ్రీలు నాకు తెలీవు గానీ, మా కోడలికి ఏడో నెల. మంగళవారం సాయంత్రం బయటికి రానివ్వాలా వద్దా? వియ్యపురాలు పొద్దుటి నుంచి నాలుగు సార్లు ఫోన్ చేసింది. పచ్చళ్ళ జాడీల్లో గరిక వేయడం మా ఇంట్లో మామూలే, దాని గురించి అడగట్లేదు.

డాక్టరమ్మ_మొగల్రాజపురం (విజయవాడ) · మధ్యాహ్నం 1.10

పిన్నిగారూ, చంద్రగ్రహణం అంటే చంద్రుడి మీద కాసేపు ఎండ తగ్గడమే. అందులోంచి మనమీదికి కొత్తగా వచ్చే కిరణాలు ఏమీ లేవు. కడుపులో బిడ్డకి దానివల్ల గ్రహణమొర్రి వస్తుందన్నది నిజం కాదు. పెదవి చీలడానికి కారణాలు జన్యువుల్లోనూ, గర్భం మొదటి మూడు నెలల్లోనూ ఉంటాయి. మీ కోడలికి ఏడో నెల, ఆ పెదవి ఎప్పుడో తయారైపోయింది. నేను భయపడేది ఒక్క దానికే. గ్రహణం పేరు చెప్పి గంటల తరబడి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా కూర్చోబెడతారు. అది చేయకండి. మందుల టైము తప్పించకండి.

పూజ, స్నానం మీ ఇష్టం. వియ్యపురాలితో గొడవ పడమని మాత్రం నేను చెప్పట్లేదు.

సత్యనారాయణపురం_పిన్ని · మధ్యాహ్నం 1.25

గొడవెందుకమ్మా, నీ మెసేజ్ ఆవిడకి పంపిస్తాను. డాక్టరు చెప్పిందంటే వింటుంది, నేను చెప్తే వినదు.

కృష్ణలంక_కిట్టు (విజయవాడ) · మధ్యాహ్నం 2.00

మరి రోకలి సంగతేంటి? ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి నిలబెడితే గ్రహణం ఉన్నంతసేపూ నిలబడుతుంది, విడవగానే పడిపోతుంది. నా కళ్ళతో చూశాను.

డాబా_టెలిస్కోప్ · మధ్యాహ్నం 2.20

కిట్టూ, మీ ఇంట్లో రోకలికి కింద పొన్ను, అదే ఆ లోహపు కట్టు, చదునుగా ఉందా? ఉంటే ఇప్పుడే, ఈ మధ్యాహ్నం, గ్రహణం లేకుండా నిలబెట్టి చూడు. ఓపిగ్గా నిలబెడితే నిలబడుతుంది. విడిచాక పడిపోవడం కాదు, విడిచాక మనమే తీసేస్తాం. తీయకుండా వదిలేసి చూసినవాళ్ళెవరూ నాకు తగల్లేదు.

కృష్ణలంక_కిట్టు · మధ్యాహ్నం 3.45

నిలబడింది. మా అమ్మ మాత్రం "అది గ్రహణానికి ముందు వారం కాబట్టి" అంటోంది. నమస్కారం.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు (గుంటూరు, అరండల్‌పేట) · సాయంత్రం 5.30

1980 ఫిబ్రవరి 16 గుర్తున్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? అది సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ దారి రాయచూరు మీదుగా వచ్చి తెలంగాణ దాటి ఒడిశాలో పూరీ, కోణార్క్ వైపు పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ దారిలోనే ఉంది. మన గుంటూరు, బెజవాడ దారికి దక్షిణాన మిగిలిపోయాయి, మనకి పాక్షికమే. అయినా మధ్యాహ్నం వీధిలో మనిషి లేడు. మా వీధిలో కిటికీలకి దుప్పట్లు కట్టారు.

చంద్రగ్రహణం అయితే ఆ రాత్రి చంద్రుడు కనిపించే దేశాలన్నిటికీ కనిపిస్తుంది. సూర్యగ్రహణం అలా కాదు. ఎందుకో చెప్తాను. చంద్రుడి దగ్గర భూమి నీడ వెడల్పు సుమారు 9,200 కిలోమీటర్లు. చంద్రుడి అడ్డుకొలత 3,474. కాబట్టి నిండా మునిగిపోతాడు, పోయిన సెప్టెంబరులో మునిగినట్టు గంటా ఇరవై నిమిషాలు కూడా ఉంటాడు. అదే చంద్రుడి నీడ భూమిని చేరేసరికి సన్నబడిపోయి, మహా అయితే 270 కిలోమీటర్ల చుక్కగా మిగులుతుంది. ఆ చుక్క పరిగెత్తిన దారిలో ఉన్నవాళ్ళకే పట్టపగలు చీకటి, అదీ కొద్ది నిమిషాలు. ఏడున్నర నిమిషాలు మించదు.

ఒక్కోసారి ఆ చుక్క కూడా భూమిని అందుకోదు. చంద్రుడు సుమారు 3 లక్షల 63 వేల కిలోమీటర్ల నుంచి 4 లక్షల 5 వేల కిలోమీటర్ల దాకా దగ్గరికీ దూరానికీ వెళ్తుంటాడు. దూరంగా ఉన్నప్పుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పలేడు, చుట్టూ ఉంగరం మిగిలిపోతుంది. 2019 డిసెంబరు 26న కేరళ, తమిళనాడు వాళ్ళు చూసింది అదే. ఈ ఫిబ్రవరి 17న కూడా ఉంగరమే, కాకపోతే అంటార్కిటికాలో. పెంగ్విన్లు చూసుంటాయి.

పటమట_నాన్న · సాయంత్రం 6.02

మాస్టారూ, ఫిబ్రవరి 17న సూర్యగ్రహణం, మార్చి 3న చంద్రగ్రహణం. పక్కపక్కనే రావడం కాకతాళీయమా?

పంచాంగం_అబ్బాయి · సాయంత్రం 6.40

కాదండీ. సూర్యుడు రాహువు దగ్గరికో కేతువు దగ్గరికో 173 రోజులకోసారి చేరతాడు. అక్కడ ముప్పై అయిదు రోజుల వరకూ గ్రహణాల కాలం. అన్ని రోజుల్లో ఒక అమావాస్య, ఒక పౌర్ణమి ఎలాగూ వస్తాయి కాబట్టి గ్రహణాలు జంటగా వస్తాయి. పోయిన సెప్టెంబరులో 7న చంద్రగ్రహణం, 21న సూర్యగ్రహణం. ఇప్పుడీ జంట. మళ్ళీ ఈ ఆగస్టు 12, 28. ఆరు నెలలకి కొంచెం తక్కువ గ్యాపు చూశారా?

మంగళవారం వివరాలు: నీడ తాకేది మధ్యాహ్నం 3.20కి. పూర్తిగా మునిగేది 4.34 నుంచి 5.33 దాకా. విడిచేది 6.47 ప్రాంతంలో. అప్పటికి మన చంద్రుడు ఇంకా ఉదయించనే లేదు. బెజవాడలో చంద్రోదయం ఆరుంపావు దాటాక. అంటే గ్రహణంతోనే ఉదయిస్తాడు, గ్రస్తోదయం. మనకి దొరికేది అరగంట లోపే. పంచాంగంలో పౌర్ణమి ముగిసే సమయం కూడా చూడండి, సాయంత్రం 5 దాటి కొద్ది నిమిషాలకి ఉంటుంది. గ్రహణం నడిమధ్య 5.03. ఆ రెండూ పక్కపక్కన ఉండక తప్పదు, ఎందుకంటే 180 డిగ్రీలు పూర్తయ్యే క్షణమే ఎదురెదురుగా నిలబడే క్షణం.

డాబా_టెలిస్కోప్ · రాత్రి 7.15

తూర్పున బిల్డింగులు అడ్డం లేని డాబా చూసుకోండి. బ్యారేజీ మీద బండి ఆపి నిలబడదామనుకునేవాళ్ళు ట్రాఫిక్ పోలీసుల్ని కూడా లెక్కలో వేసుకోండి. చంద్రగ్రహణానికి కళ్ళద్దాలు అక్కర్లేదు, మామూలు కళ్ళతో చూడొచ్చు. సూర్యగ్రహణానికి మాత్రం ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టిన గాజుముక్కలు పనికిరావు. అవి వెలుతురు తగ్గిస్తాయి, కంటిని కాల్చే కనపడని కిరణాల్ని ఆపవు.

నాన్నగారూ, చార్టు కోసం ఒక ప్రయోగం. గ్రహణం అయ్యాక మార్చి 9, 10, 11 తేదీల్లో పొద్దున ఎనిమిదింటికి చంద్రుడు ఇంకా ఆకాశంలోనే ఉంటాడు, దక్షిణం నుంచి పడమటికి వాలుతూ. అమ్మాయి చేతికి బత్తాయి ఇచ్చి, ఎండలో నిలబెట్టి, చెయ్యి చాచి చంద్రుడి పక్కన పట్టుకోమనండి. బత్తాయి మీద ఎండ ఏ ఆకారంలో పడిందో చంద్రుడి మీదా అదే ఆకారం ఉంటుంది. అటు వంక ఎంతుంటే ఇటూ అంతే. రెంటినీ వెలిగిస్తోంది ఒకే సూర్యుడు, రెంటినీ మనం చూస్తున్నది ఒకే వైపు నుంచి. బత్తాయి మీద భూమి నీడ పడిందని ఎవరూ అనలేరు కదా.

పటమట_నాన్న · రాత్రి 7.30

చార్టు సోమవారం ఇవ్వాలండీ. అయినా బత్తాయి కార్యక్రమం చేద్దాం, పిల్లకి చార్టు కన్నా అదే ఎక్కువ నచ్చేట్టుంది.

లబ్బీపేట_లక్కీ (విజయవాడ) · మార్చి 3, సాయంత్రం 6.58

చూశాను! ఫోటో బాగా రాలేదు. తూర్పున మబ్బు పొగలా ఉంది, 6.25కి గానీ కనపడలేదు. కింద భాగం వెలుగు, పైన కాస్త ఎడమకి కొరికినట్టు చీకటి. అయితే అన్నా, ఒక మాట. ఇప్పుడు నీడ పడితే వంకలాగే కనిపించింది కదా? మరి నా థియరీకి ఏం లోటు?

డాబా_టెలిస్కోప్ · రాత్రి 7.40

మంచి ప్రశ్న. ఇప్పుడు నువ్వు చూసిన అంచునే గుర్తు తెచ్చుకో. చీకటికీ వెలుగుకీ మధ్య గీత ఒక పెద్ద చక్రంలో ముక్కలా ఉంది. దాన్ని పూర్తిచేస్తే చంద్రుడికి రెండున్నర రెట్లు పైన ఉండే వృత్తం వస్తుంది. అది భూమి గుండ్రటి నీడ. భూమి గుండ్రంగా ఉందనడానికి అరిస్టాటిల్ చూపించిన సాక్ష్యాల్లో ఇదొకటి. పైగా అంచు మసకగా ఉంది, గీత గీసినట్టు లేదు.

నెలవంకలో అలా ఉండదు. వంక రెండు కొమ్ములూ ఎప్పుడూ చంద్రుడి ఈ చివరా ఆ చివరా, సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో గీత సాగుతుంది, నిటారవుతుంది, అటు వంగుతుంది, కొమ్ముల చోటు మాత్రం ఎదురెదురే. నీడ కొరికితే కొమ్ములు ఎక్కడపడితే అక్కడ పడతాయి. అష్టమినాటి తిన్నని గీతని గుండ్రటి నీడ ఎప్పటికీ గీయలేదు.

టైము కూడా చూసుకో. ఈ గ్రహణం నువ్వు చూస్తుండగా పావుగంటలో మారిపోయింది. చంద్రుడు గంటకి తన వెడల్పంత దూరం జరుగుతాడు. అదే వంక సగం అవ్వాలంటే వారం పడుతుంది.

లబ్బీపేట_లక్కీ · రాత్రి 7.52

కొమ్ముల పాయింటుకి దండం. ఎర్రగా మాత్రం లేదేంటి? సెప్టెంబరులో రాత్రి పదకొండు దాటాక రాగి బిందెలా అయ్యాడు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు · రాత్రి 8.30

ఆ రంగు పూర్తిగా మునిగినప్పుడే బాగా తెలుస్తుంది. ఇవాళ మునిగి ఉన్న గంటా మనకి చంద్రుడు దిగంతం కిందే ఉన్నాడు. మునిగాక నల్లగా మాయం కాకపోవడానికి కారణం మన గాలి. భూమి చుట్టూ ఉన్న గాలిపొర ఎండని కొంచెం వంచి నీడలోకి పంపిస్తుంది. దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ఆ క్షణాన చంద్రుడి మీద నిలబడి చూస్తే భూమి చుట్టూ ఎర్రటి వలయం, అందులో ప్రపంచంలోని సూర్యోదయాలూ సూర్యాస్తమయాలూ అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. గాలిలో దుమ్ము ఎక్కువైతే చంద్రుడు ఇంకా నల్లబడతాడు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలాక, 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు బాగా నల్లబడిపోయాడు.

సత్యనారాయణపురం_పిన్ని · రాత్రి 9.05

కోడలు చూసింది. వియ్యపురాలు వీడియో కాల్‌లో చూసింది. విడిచాక ఇద్దరూ స్నానాలు చేశారు. గుడి తలుపులు ఇంకా తీయలేదు, రేపు వెళ్తాం. కాళహస్తిలో మాత్రం గ్రహణానికి కూడా తలుపులు వేయరటగా?

పంచాంగం_అబ్బాయి · రాత్రి 9.20

అవును పిన్నిగారూ, అది రాహుకేతు క్షేత్రం. అక్కడ వేయరు.

కృష్ణలంక_కిట్టు · మార్చి 4, ఉదయం 7.10

మళ్ళీ ఎప్పుడు? ఈసారి నిండా మునిగేది కావాలి, అదీ ఇక్కడి నుంచి.

పంచాంగం_అబ్బాయి · ఉదయం 7.45

ఆగస్టు 12న సంపూర్ణ సూర్యగ్రహణం స్పెయిన్, ఐస్‌లాండ్ వాళ్ళకి. ఆగస్టు 28 శ్రావణ పౌర్ణమి చంద్రగ్రహణం జరిగేటప్పటికి మనకి పొద్దున, చంద్రుడు అస్తమించి ఉంటాడు. 2027 ఆగస్టు 2న ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాలు దాటే సంపూర్ణ సూర్యగ్రహణం, డబ్బులుంటే ఇప్పుడే టికెట్లు చూసుకో.

నీకు కావాల్సింది 2028 డిసెంబరు 31. రాత్రి పదింబావు దాటాక నడిమధ్య, చంద్రుడు నడినెత్తి వైపు ఎక్కి ఉంటాడు, గంటకి పైగా నిండా మునిగే ఉంటాడు.

కృష్ణలంక_కిట్టు · ఉదయం 7.48

డిసెంబరు 31 రాత్రా? కేక్ గ్రహణం విడిచాక కోయాలా, ముందే కోయాలా? మా అమ్మకి ఇప్పుడే చెప్పను.